ఈదే కొక్కుల హాజరు పట్టీ

“నీటికుక్క! బావా, నీటికుక్క!”

నా అరుపుకు నీళ్లలోని జంతువు చెక్కుచెదరలేదు. కట్ట పక్క బండ మీద కూర్చున్న బావ మాత్రం ఉలిక్కిపడ్డాడు. గ్లాసులోని చాయ్ సగం ఆయన లుంగీ తాగింది.

పొద్దు ఇంకా ఎక్కలేదు. కుంట అవతలి ఒడ్డు నుంచి ఒక నల్లటి తల నీటిని కోసుకుంటూ మా వైపు వస్తోంది. తల వెనుక వీపు, వీపు వెనుక రెండుగా విడిపోతున్న గీత. ఆ వెనుక కొంచెం దూరంలో మరో మూడు చిన్న తలలు. తల్లీ పిల్లలూ! బైనాక్యులర్ ఎత్తాను. చేతులు ఎంత వణికాయంటే, అందులో ఆ జంతువు ఒకసారి ఆకాశంలోనూ ఒకసారి బావ చెవిలోనూ కనిపించింది.

ఈ బైనాక్యులర్ రిటైరయ్యాక కొనుక్కున్నది. దూరానివన్నీ దగ్గరికి తెస్తుంది. దగ్గరివి కనిపించకుండా పోవడం అప్పటినుంచే మొదలైందని మా ఆవిడ అంటుంది.

నేను బొగ్గు గని మనిషినే గాని బొగ్గు అంటని మనిషిని. మాది మంథని. మా పెద్దలు గుళ్లో గంట కొట్టారు, నేను గోదావరిఖనిలో గని టైమ్ ఆఫీసులో కూర్చుని గంటలు లెక్కపెట్టాను. ఉద్యోగమంతా హాజరు వేయడమే. లోపలికి దిగింది ఒకే ఒక్కసారి, పైకి తేవడానికి ఇద్దరు పట్టాల్సి వచ్చింది. వాళ్లలో ఒకడు ఈ బావ. బొగ్గు కోసినవాడు. చుట్టరికం ఏమీ లేదు, కాలనీలో పక్క క్వార్టరు కావడం వల్ల బావ అయ్యాడు. వాళ్ల ఇంటావిడ నాకు అక్క. బావ రిటైరయ్యాక ఇద్దరూ గోదావరి బ్రిడ్జి దాటి జైపూర్ వైపు తమ ఊరికి, తమ పొలానికి వెళ్లిపోయారు. వారానికి రెండు సార్లయినా నేను స్కూటరేసుకుని పోతాను. పేరుకు పక్షుల కోసం. అసలు సంగతి అక్క చేతి చాయ్.

పొలం పల్లపు అంచున కుంట తవ్వించింది అక్కే. బావకు ఇష్టం లేదు. “నీళ్లల్ల ఏం పండిస్తవే?” అన్నాడట. ఆమె వినలేదు. బొచ్చె, రవ్వ చేపపిల్లల్ని తెచ్చి వదిలింది. మిర్గం అనే మృగశిర కార్తె నాడు మా వైపు చేపల కూర వండని ఇల్లు చాలా అరుదు కదా, ఆ రోజుకు తన కుంటలో వల వేయించాలని ఆమె పట్టుదల. అప్పటిదాకా, అంటే ఎండాకాలమంతా, కుంటలో నీళ్లు నిలవాలి. అదొక్కటే ఆమె అడిగేది.

అదే కుదరకుండా ఉంది. కట్టకు వరిమడి వైపు బొక్కలు పడ్డాయి. వాటి కింద పళ్లెమంత తడి మచ్చ తేలింది. కట్ట ఒక్కసారి తెగితే నీళ్లూ చేపలూ పాలుపోసుకున్న వరి మీదికే. రెండు పంటలూ ఒక్క పూటలో ఖతం.

నా అరుపు విని అక్క చీపురుతోనే వచ్చింది.

“ఏంది తమ్మీ, ఎవలన్న పడ్డరా?”

“పడలేదక్కా, ఈదుతున్నది! నీటికుక్క! పిల్లలతోని!”

ఆమె చూసేసరికి అవి గడ్డిలో దూరిపోయాయి. అక్క గడ్డిని చూసింది, నన్ను చూసింది.

“కుక్కో, నక్కో, పందికొక్కో. నా కట్ట తొవ్వుతున్నది. ఎరువుల దుకాణంల మందు తెచ్చి పెట్టిన. ఆదివారం పిండి ముద్దల్ల కలిపి పెడ్త.”

 నీటికుక్కలు ఇప్పుడు ఎక్కడోగాని కనపడవనీ, వాటిని చంపడం నేరమనీ, కేసవుతుందనీ గబగబా చెప్పాను.

“దాన్ని సంపితె కేసు. అది నా కుంట ముంచితె ఎవల మీద కేసు?” అంది అక్క. “సరే, ఇయ్యాల బుధవారం. ఆదివారం దాక చూస్త. నీటికుక్కనే అని నాకు కండ్లార సూపెట్టు. లేకుంటే మందే.”

అప్పుడు బావ గొంతు సవరించుకున్నాడు. “పంతులు చెప్పిండంటే చెప్పిండే. సదువుకున్నోడు. అది నీటికుక్కనే. నేను గూడ సూసిన.”

జీవితంలో నా మాటను ఎవరైనా అంత గట్టిగా బలపరచడం అదే మొదలు. టైమ్ ఆఫీసులో “నువ్వు ఆలస్యంగా వచ్చావు” అని గడియారం చూపించి చెప్పినా ఒప్పుకున్నవాడు లేడు. నేను ఉబ్బిపోయాను. ఆయన ఎందుకు బలపరుస్తున్నాడో ఆలోచించలేదు. ఉబ్బినవాడికి వంగి చూడటం కష్టం.

గురువారం, శుక్రవారం తెల్లవారేసరికి కట్ట మీదున్నాను. పాత అలవాటు ఎక్కడికి పోతుంది? నోటుబుక్కులో గీతలు కొట్టి హాజరు పట్టీ తయారుచేశాను. పెద్దది ఒకటో నంబరు, చిన్నవి రెండు, మూడు, నాలుగు. ఏది ఎన్నింటికి నీళ్లలోకి దిగింది, ఎన్నింటికి ఎక్కింది. ఒకటో నంబరు నిమిషం తేడా లేకుండా వచ్చేది. అలాంటి మనిషి నా సర్వీసులో ఒక్కడూ తగల్లేదు.

బురదలో అడుగులు కూడా చూశాను. నీటికుక్కకు, అంటే ఆటర్‌కు, ఐదేసి వేళ్లు, మధ్యలో తోలు అని ఫోనులో చదివాను. ఇక్కడ వెనుక అడుగుకు ఐదు ఉన్నాయి, ముందు అడుగుకు నాలుగే ఉన్నాయి. తోలు జాడే లేదు. నిజం చెప్పాలంటే అక్కడే ఆగాల్సింది. కాని రానివాడికి సెలవు రాసి హాజరు సరిచేయడం చేయి తిరిగిన పని. ఐదో వేలు బురదలో దిగలేదని రాసుకున్నాను. వేలికి కూడా సెలవు మంజూరు చేసిన గుమాస్తాను బహుశా నేనొక్కణ్నే.

శుక్రవారం పొద్దున ఫోనుతో ఒక ఫోటో తీశాను. నీళ్లు, నీళ్లలో ఒక మచ్చ. మా కాలనీ మార్నింగ్ వాకింగ్ గ్రూపులో పెట్టాను: ‘మన ప్రాంతంలో నీటికుక్క! పిల్లలతో సహా!’ పదిమంది చప్పట్లు కొట్టారు. ఒకాయన పూలగుత్తి పంపాడు. జ్యోతినగర్ నుంచి ఒక రిటైర్డ్ ఇంజనీరు మాత్రం ‘మచ్చ బాగుంది సార్’ అని రాశాడు.

ఆ సాయంత్రమే అక్క ఫోన్ చేసింది. పళ్లెమంత ఉన్న తడి చాటంత అయిందట. చుక్కలు కారుతున్నాయట. “తమ్మీ, నువ్వు దాన్ని సూసి మురుస్తున్నవు. నేను కట్టను సూసి ఏడుస్తున్న” అంది. మురిపెం అంతా దిగిపోయింది. నేను పొరబడితే నా సరదాకు ఆమె కుంట బలి. పొరబడకపోతే? అప్పుడు ఆదివారం ఒక తల్లీ మూడు పిల్లలూ బలి. ఎటూ తేల్చలేకపోయాను. “రేపు పొద్దున నువ్వు కూడా నా పక్కన కూర్చో అక్కా” అన్నాను.

శనివారం చీకటి విడుతుండగా ఇద్దరం కట్ట చివర తుంగ చాటున కూర్చున్నాం. బైనాక్యులర్ ఇవ్వబోయాను.

“నాకు గది వద్దు. మనిషిని అద్దంల సూసి గుర్తు పడ్తరా?”

ఒకటో నంబరు సరిగ్గా తన సమయానికి దిగింది. వెనుక మిగతా మూడు. అక్క తుంగ పక్కకు వంచి చూసింది. అవి ఈది వచ్చి ఒడ్డెక్కి విదిల్చుకున్నాయి. తడిసి అన్నీ ఒకే నలుపు. నాకు ఎప్పటిలాగే ఒళ్లు పులకరించింది. అక్క నా మోచేతి మీద ఒక్కటి వేసింది.

“నీటికుక్క అంటివి. ఒక్కసారన్న మునిగిందా అది?”

నా పట్టీ తిరగేశాను. ఈదడం ఉంది, ఎక్కడం ఉంది. మూడు పొద్దుల్లో మునిగినట్టు ఎక్కడా లేదు. మునిగింది నేనే.

“చేపలు పట్టేది మునగకుంట ఎట్ల పడ్తది?” అక్క గొంతు తగ్గించి చెప్పింది. “మా అవ్వగారిల్లు గోదావరి ఒడ్డు. సిన్నప్పుడు నీటికుక్కల్ని మస్తు సూసిన. తోక మొదట్ల నా చెయ్యంత లావు ఉంటది. దీనిది సూడు, తాడు. నీళ్ల మీద తేలుతుండె. పందికొక్కు తమ్మీ ఇది.”

“మరి పిల్లలు...”

“పిల్లలా? నడక సూసినవా?”

నేను వేళ్లు చూశాను, నంబర్లు వేశాను, నిమిషాలు రాశాను. నడక చూడలేదు.

అక్క నవ్వింది. “మీ బావ గనిల నుంచి ఎక్కి వచ్చేటప్పుడు నేను గేటు కాడ నిలబడేదాన్ని. వందమంది వచ్చేటోళ్లు. అందరి మొకాలు బొగ్గే. కొత్తల ఒకరోజు ఎవలనో పట్టుకొని ఎందుకింత లేటని బాగ తిట్టిన. ఆయన గూడ ఇంట్ల తిట్లే అనుకొని తలకాయ ఊపిండు. ఇగ ఆనాటి సంది మొకం సూసుడు బందు వెట్టిన, నడకనే సూసుడు. గీ పెద్దది సూడు. షిఫ్టు దిగినోని లెక్క బరువుగ, తోవ తెల్సినట్టు నడుస్తది. సిన్నయి గట్ల గాదు. ఉరుకుడు, ఆగుడు, ఉరుకుడు. పిల్లలైతే తల్లి నడక రాదా? మా పోరగాండ్లు గింతంత ఉన్నప్పుడే వాళ్ల నాయన లెక్క కాళ్లు ఎడం వేసి నడిచిండ్రు. ఇవి దాని పిల్లలు గావు. వేరే ఇంటియి.”

బైనాక్యులర్ మళ్లీ ఎత్తాను.  పెద్దదాని తోక దాని ఒంటి పొడవుకు దాదాపు సమానం. చిన్నవాటి తోకలు ఒంటి కంటే స్పష్టంగా పొట్టి. మూతి మొండి. ఇంతలో మూడో నంబరు కట్ట ఎక్కడానికి వెనుక కాళ్ల మీద లేచింది. దాని పొట్ట కింద పిల్లలు తాగి తాగి సాగిన చనుమొనలు! మూడు రోజులుగా నేను చంటిపిల్ల అని రాసుకున్నది స్వయంగా బాలింత. అది పెరగాల్సిన పిల్ల కాదు, పెరిగిపోయిన వేరే జాతి. పొలాల్లో, నీళ్లు నిలిచిన మళ్లలో తిరిగే చిన్న పందికొక్కు. నీటికుక్క పోయిందన్న దిగులు నిమిషం కూడా నిలవలేదు. ఒక జాతి అనుకున్నచోట రెండు! ఎగిరి గంతేయబోతే అక్క నా చొక్కా పట్టుకుని కూర్చోబెట్టింది.

“ఆగు. ఏది ఎటు పోతదో సూడు.”

చిన్నవి మూడూ కట్ట లోపలికే పోయాయి. పిడికెడు కొత్త మట్టి గుట్టగా పోసి ఉన్నచోట ఒకటి దూరింది. కాసేపటికి లోపలి నుంచి మట్టి నెట్టి తలుపేసుకున్నట్టు బొక్క మూసేసింది. పెద్దది మాత్రం కట్టను కన్నెత్తి చూడలేదు. కట్ట దాటి, బావ రోజూ కూర్చునే బండ దగ్గరికి పోయింది. దేన్నో రెండు చేతులతో ఎత్తుకుని కొరికింది. తిన్నంత తిని, మోటరు కొట్టం అవతలి పాత దుంగల కుప్పలోకి వెళ్లిపోయింది. దాని ఇల్లు అక్కడ.

అక్క లేచి బండ దగ్గరికి నడిచింది. ఒక ముక్క చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పింది. జొన్నరొట్టె.

“ఇది నా రొట్టె. నా పెనం మాడు నేను ఎరుగనా?”

సరిగ్గా అప్పుడే బావ వచ్చాడు, ఒక చేతిలో చాయ్ గ్లాసు, రెండో చేతిలో రొట్టె తునక. మమ్మల్ని చూసి తునకను వెనక్కి దాచబోయాడు. గనిలో అంత బరువు మోసిన చేయి ఒక రొట్టె ముక్కను దాచలేకపోయింది.

“ఎన్నొద్దుల సంది నడుస్తున్నది గిది?” అక్క అడిగింది.

“ఏది?”

“గీ అన్నదానం!”

బావ బండ మీద కూలబడ్డాడు. చెప్పక తప్పలేదు. గనిలో సద్ది విప్పితే మొదటి తునక ఎలుకది. దాన్ని పక్కన పడేయకుండా ఎవరూ నోట్లో ముద్ద పెట్టరు. పైకప్పు కూలే ముందు మనిషికంటే ముందు ఎలుకకు తెలుస్తుందట. అది ఉరికిందంటే వీళ్లూ ఉరుకుతారు. “ఒకసారి నా కాళ్ల మీదికెల్లి ఉరికింది. నేను లేసి నాలుగడుగులు వేసిన్నో లేదో నేను కూసున్న జాగ బండ కింద ఉన్నది” అన్నాడు బావ. “ఇంటికొచ్చినంక గూడ ముద్ద ఎత్తితే చెయ్యి ఆగుతది. ఇడ ఇది కనవడ్డది. పెట్టిన.”

“అందుకేనా నీటికుక్క అని పంతులుకు వంత పాడినవు?”

“నీటికుక్క అయితే నువ్వు మందు వెట్టవని...”

నాకు దక్కిన ఒకే ఒక్క సాక్షి అలా విరిగిపోయాడు. ఆయన బలపరిచింది నా చదువును కాదు, తన కొక్కును.

అక్క ఇక తిట్లకు దిగింది. కట్ట తవ్వేవాటికి కూలి కింద రొట్టెలు పెట్టినవాణ్ని ఇప్పుడే చూస్తున్నానంది. బావ తల వంచుకున్నాడు. ఇక్కడ నేను కల్పించుకోవాల్సి వచ్చింది. మూడు రోజుల తప్పుల పట్టీలో ఒక నిజం దొరికింది మరి.

“అక్కా, కట్ట తవ్వేది ఆయన కొక్కు కాదు. నువ్వే చూశావుగా. దాని ఇల్లు దుంగల కింద. తవ్వేవి చిన్నవి, వాటికి రొట్టె అక్కర్లేదు, పక్కనే వరి ఉంది. నువ్వు ముద్దలు ఎక్కడ పెడదామనుకున్నావు?”

అక్క తన చేతిలోని రొట్టె ముక్క వైపు చూసింది.

“గీ బండ మీదనే,” అంది మెల్లగా.

బావ తలెత్తలేదు. “అది ఆగకుంట తింటది. నేనే వెట్టిన్ననుకుంటది.”

 మందు తిని చచ్చేది పెద్దది. పక్కనే వరి పెట్టుకుని తలుపులు బిగించుకున్న చిన్నవి కట్టను తొలుస్తూనే ఉండేవి. పిండి ముద్ద ఏదైనా జారి నీళ్లలో పడితే చేపల గతి కూడా అంతే.

“అయితె నా కట్ట?” అంది అక్క. “దానికి దారి చెప్పుండ్రి ఇద్దరు. సూసుకుంట కూసుంటె నిలవదు.”

బావ లేచి మోటరు కొట్టంలోంచి గడ్డపార తెచ్చాడు. ముందు మోటరు వేసి కుంట నీళ్లు మూరెడు దించి వరికి పారించాం. తర్వాత ఆయన కట్ట బయటి వైపు అడుగు అడుగునా గడ్డపార మొనతో తట్టి, చెవి పెట్టి వినడం మొదలుపెట్టాడు. గనిలో పైకప్పును ఇలాగే తట్టి చూస్తారు. గట్టిదైతే ఖంగుమంటుంది, వదులైతే బోలుగా పలుకుతుంది. అక్కడ తల పైకెత్తి చేసిన పని ఇక్కడ నడుం వంచి చేస్తున్నాడు.

“ఖంగు... ఖంగు... ఆగుండ్రి.” మళ్లీ తట్టాడు. “ఇడ బోలు.”

తవ్వితే బొక్క. చేయి పెడితే మోచేతి దాకా పోయింది. పట్టలేని ఆనందం నాకు, బొక్క దొరికినందుకు ఇంత సంతోషించినవాణ్ని అక్క చూసి ఉండదు. బావ ఒక్కసారే అంతా తెరవనివ్వలేదు. ఒక జానెడు తెరవాలి, జిగట మట్టి కూరి గట్టిపరచాలి, తర్వాతే ముందుకు. “సపోర్టు వెట్టకుంట ముందటికి పోతే సస్తం” అన్నాడు, ఏళ్ల తరబడి చెప్పిన గొంతుతోనే. అక్క తట్టలతో మట్టి తెచ్చింది. తొక్కే పని నాది. కుర్చీ తప్ప ఎప్పుడూ ఏదీ అణచని మనిషిని, మోకాళ్ల దాకా బురదలో గంతులేశాను. చిన్న కొక్కులు మూడూ గడ్డపార చప్పుడుకే వరిలోకి ఉరికాయి.

ఒక గదిలో వరి వెన్నులు దొరికాయి, కొడవలితో కోసినంత నున్నగా, అన్నీ ఒకే వైపు పేర్చి. ఇంకో గదిలో గడ్డి గూడు, అందులో కళ్లు తెరవని ఎర్రటి పిల్లలు. బావ గడ్డపార పక్కన పెట్టాడు. ఇద్దరం అక్క వైపు చూశాం. ఆమె ముఖం తిప్పుకుంది.

“నా మొకం ఏం సూస్తరు? ఆ గెట్టు మీద పెట్టి జల్ది రా. కట్ట ఇడిస్తె సాలు నాకు.”

బావ గూటిని పారతో ఎత్తుకెళ్లి దూరపు పొలం గెట్టు పక్క గడ్డిలో పెట్టి వచ్చాడు. సాయంత్రం చూస్తే గూడు ఖాళీ. తల్లి మోసుకుపోయిందో ఇంకేదన్నా ఎత్తుకుపోయిందో తెలియదు. తల్లే అని రాసుకుందామనుకున్నాను. చూడనిది రాయడం ఇక చాలనిపించి ఆ గడి వదిలేశాను.

వాకింగ్ గ్రూపులో సవరణ పెట్టాను: ‘నీటికుక్క కాదు, పందికొక్కు. పిల్లలు పిల్లలు కావు, ఇంకో రకం పందికొక్కులు. రెండింటికీ తేడా తోకలో, నడకలో, ఇంటి తలుపులో.’ పూలగుత్తి పంపినాయన దాన్ని తీసేసుకున్నాడు. జ్యోతినగర్ ఇంజనీరు మాత్రం ‘ఎప్పుడు చూపిస్తారు సార్?’ అని అడిగాడు.

ఆదివారం మందు పెట్టలేదు. పొట్లాన్ని దుకాణానికి తిరిగిచ్చేయడానికి బావే ముందు బయలుదేరాడు. రొట్టె ఆపమని అక్క చెప్పలేదు గాని, దుంగల దగ్గరే పెట్టాలని, కట్ట వైపు ఒక్క తునక కనిపించినా ఊరుకోనని ఖాయం చేసింది. సోమవారం తడి చాటంతే ఉంది. మంగళవారమూ అంతే. నేను ఇంట్లో కూర్చుని ఫోను పట్టుకుని ఉన్నాను, మా ఆవిడ నాకు ఏదో పరీక్ష ఫలితం రావాలనుకుంది. బుధవారం పళ్లెమంత అయిందట. గురువారం ఫోనే రాలేదు. ఆగలేక శుక్రవారం స్కూటర్ తీశాను. బ్రిడ్జి మీద బొగ్గు లారీల వెనుక పాకుతూ, హారన్ కొడుతూ, వయసుకు తగని తొందరతో పోయాను.

అక్క కట్ట బయటి వైపు గొంతుక్కూర్చుని ఉంది. అరచేయి మట్టికి ఆనించి, కొంచెంసేపు ఉంచి తీసింది. నన్ను చూసి ఆ చేయి పైకెత్తి తిప్పి చూపించింది. తడి లేదు, ఉత్త దుమ్ము.

“ఎండింది తమ్మీ!” అని కేకేసింది. “మిర్గం నాటికి నీకు ఒక రవ్వ!”

అప్పుడు గుర్తొచ్చి నాలుక కరుచుకుంది. నేను చేపలు తినను.